బడిలో మన బిడ్డ తరఫున మాట్లాడటం ఎలా? ప్రత్యేక అవసరాలున్న పిల్లల తల్లిదండ్రులకు సమగ్ర మార్గదర్శి

మా అబ్బాయి మూడో తరగతి తెలుగు డిక్టేషన్ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అందులో ఒక పేజీలో పది పదాలుంటాయి. "పలక" కాస్తా "వలక" అయింది. "మాయ" రాయబోయి "యామ" రాశాడు. "పుస్తకం"లో స కింద ఉండాల్సిన త వత్తు పక్కనున్న క కిందికి చేరింది. పేజీ అడుగున ఎర్ర సిరాతో ఒకే ఒక్క మాట: "నిర్లక్ష్యం".

ఆ మాటను నేనూ నమ్మాను. ప్రతి సాయంత్రం తప్పు రాసిన పదాన్ని యాభైసార్లు రాయించేదాన్ని. ఇంట్లో ఒప్పుగా రాసి, మర్నాడు బడిలో మళ్లీ తప్పే రాసేవాడు. అది డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా అక్షరాలు చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది అని తెలిసేసరికి వాడికి తొమ్మిదేళ్లు నిండాయి.

తెలిశాక కూడా ఒక ఏడాది వృథా అయింది. బడికి వెళ్లినప్పుడల్లా నేను అడిగింది ఒక్కటే: "వాడి మీద కాస్త శ్రద్ధ పెట్టండి మేడమ్." "తప్పకుండా అమ్మా" అనేవారు. ఏమీ మారేది కాదు. నలభై మంది పిల్లలున్న గదిలో శ్రద్ధ పెట్టడమంటే ఏం చేయాలో నేను చెప్పలేదు, ఆవిడకు తెలియలేదు. చివరికి ఒకరోజు "బోర్డు మీద రాసిన ప్రశ్నలను ఫోటో తీసి పంపండి, వాడు చూసి రాసుకోనక్కర్లేదు" అని అడిగాను. ఆ వారం నుంచే హోంవర్కు పూర్తిగా ఇంటికి రావడం మొదలైంది.

ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఆ తేడా గురించే. బడిని ఏం అడగాలో స్పష్టంగా తెలుసుకోవాలి, దాన్ని కాగితం మీద అడగాలి. మిగతావన్నీ ఈ రెండింటికీ తోడ్పడే పనులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బడుల్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

ముందు రెండు వారాలు చూడండి, రాసుకోండి

డాక్టరు దగ్గరికో ప్రధానోపాధ్యాయుల దగ్గరికో వెళ్లేముందు ఒక చిన్న నోటు పుస్తకం తీసుకోండి. రోజుకు మూడు నాలుగు వాక్యాలు చాలు. ఏం జరిగింది, ఎప్పుడు, దానికి ముందు ఏం జరిగింది, ఎంతసేపటికి సర్దుకుంది అన్నవి రాయండి. మీ కోపాన్నీ భయాన్నీ అందులోకి రానివ్వకండి.

"చదవమంటే మొండికేస్తాడు" అని రాస్తే దానితో ఎవరికీ ఉపయోగం లేదు. ఇలా రాసి చూడండి: "సాయంత్రం ఆరున్నరకు ఇంగ్లిషు పాఠం పెట్టాం. నాలుగు వాక్యాలు చదవడానికి 11 నిమిషాలు పట్టింది. మధ్యలో రెండుసార్లు నీళ్లకని లేచాడు. అదే పాఠం నేను చదివి వినిపిస్తే అయిదు ప్రశ్నల్లో నాలుగింటికి సరిగ్గా చెప్పాడు." పిల్లవాడికి అర్థం చేసుకునే శక్తి ఉందని, అడ్డుపడుతున్నది అక్షరాన్ని పోల్చుకోవడమేనని ఆ చివరి వాక్యం చెబుతోంది. నిపుణుడికైనా టీచరుకైనా పనికొచ్చే సమాచారం అది.

ఆటిజం ఉన్న పాప గురించైతే "ప్రార్థనలో అల్లరి చేస్తుంది" అని కాకుండా, "మైకు మోగగానే చెవులు మూసుకుంది. వరసలోంచి బయటికి పరుగెత్తింది. తరగతి గదిలోకి వెళ్లాక పది నిమిషాలకు మామూలైంది" అని రాయండి. అప్పుడు అడగాల్సిందేమిటో దానంతటదే బయటపడుతుంది: మైకుకు దూరంగా నిలబడనివ్వడం, లేదా ప్రార్థన అయ్యాక తరగతికి రానివ్వడం.

బిడ్డకు బాగా వచ్చినవి కూడా రాయండి. లోపాలే చదువుతూ పోతే బడివాళ్లకు అదొక భారంగా కనిపిస్తుంది. "కూడికలు నోటితో చెబుతుంది", "చిన్నపిల్లల్ని ఆడిస్తాడు" లాంటి వాక్యాలు మాట తీరునే మారుస్తాయి.

పాత నోటు పుస్తకాలు, జవాబు పత్రాలు, ప్రోగ్రెస్ కార్డులు చిత్తు కాగితాల వాళ్లకు వేసేయకండి. తేదీల వారీగా ఒక ఫైలులో పెట్టండి. రెండేళ్ల జవాబు పత్రాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే నిపుణులకు పది నిమిషాల వివరణ అక్కర్లేదు.

పరీక్షలు చేయించడం, ధ్రువపత్రం తెచ్చుకోవడం

మొదట కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. ఇది అందరికీ చెబుతాను, అందరూ దాటవేస్తారు. చెవిలో తరచూ చీము పట్టే పిల్లలకు మాటలు సరిగ్గా వినిపించకపోవచ్చు. బడిలో దానికి పెట్టే పేరు "చెప్పిన మాట వినడు".

తర్వాత అసలు మదింపు. పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల ఎదుగుదల సమస్యల్ని గుర్తించడానికి రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి నడుస్తోంది. దాని కింద జిల్లా స్థాయిలో పనిచేసే కేంద్రాలను డి.ఇ.ఐ.సి. (డైస్) అని పిలుస్తారు. పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడుందో చెబుతారు. మేధో వైకల్యం, ఆటిజం విషయంలో సికింద్రాబాద్ బోయినపల్లిలోని జాతీయ సంస్థ, అందరూ నీపిడ్ అనేది, మనకు దగ్గరలోనే ఉంది. అది 1984 నుంచి పనిచేస్తోంది. ఆటిజం తీవ్రతను కొలవడానికి దేశమంతటా వాడే ఇసా అనే కొలమానం తయారైంది కూడా అక్కడే. ప్రైవేటుగా చూపించుకుంటే, ఆ మనస్తత్వ నిపుణులకు, స్పెషల్ ఎడ్యుకేటర్‌కు (ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే శిక్షణ పొందిన టీచరు) భారత పునరావాస మండలి నమోదు సంఖ్య ఉందో లేదో అడగండి. అడగడం మర్యాద తప్పడమేమీ కాదు.

నివేదిక చేతికి ఇచ్చే రోజున ఒక పని మరచిపోకండి. అంకెలతో నిండిన నివేదిక బడిలో ఎవరూ చదవరు. "తరగతి గదిలో ఏమేం మార్చాలో చివర సిఫార్సులుగా రాయండి సార్" అని అక్కడే కూర్చుని అడగండి. అదనపు సమయం, ప్రశ్నలు చదివి వినిపించడం, ముందు బెంచీ, రాత పని తగ్గించడం లాంటివి నిపుణుల సంతకంతో ఉంటే మీరు బడిలో వాదించాల్సిన అవసరం సగం తగ్గుతుంది.

ఇక ప్రభుత్వ ధ్రువపత్రం. మన రెండు రాష్ట్రాల్లో సదరం పేరు అందరికీ తెలిసిందే. దేశమంతటా చెల్లే యు.డి.ఐ.డి. కార్డుకు స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. పరీక్ష క్యాంపుకు స్లాటు విషయంలో మీసేవ కేంద్రంలోనో, ఆంధ్రప్రదేశ్‌లో అయితే గ్రామ, వార్డు సచివాలయంలోనో సాయం చేస్తారు. క్యాంపు రోజున పాత నివేదికలన్నీ తీసుకెళ్లండి. పిల్లలకు తినడానికి ఏదైనా పెట్టుకోండి, నిరీక్షణ ఎక్కువ.

రెండు విషయాలు ముందే తెలిసి ఉంటే అనవసరంగా తిరగరు. డిస్లెక్సియా వంటి అభ్యసన వైకల్యాలకు సాధారణంగా 8 ఏళ్లు నిండాకే ధ్రువపత్రం ఇస్తారు, 14 ఏళ్లకు, 18 ఏళ్లకు మళ్లీ పరీక్షిస్తారు. ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) ఒక్కటే ఉంటే, చట్టం గుర్తించిన 21 వైకల్యాల జాబితాలో దాని పేరు లేదు. అలాగని బడిలో ఏమీ అడగకూడదని కాదు. నిపుణుల నివేదికతో అడగవచ్చు.

చట్టంలో మనకు కావాల్సిన నాలుగు ముక్కలు

చట్టాలన్నీ చదవనక్కర్లేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, విద్యాహక్కు చట్టం 2009, ఈ రెండింటిలో కొన్ని సెక్షన్లు గుర్తుంటే చాలు.

2016 చట్టంలో సెక్షన్ 16 బడుల గురించి. ప్రభుత్వ బడులే కాదు, ప్రభుత్వ గుర్తింపు పొందిన ప్రైవేటు బడులూ దీని పరిధిలోకి వస్తాయి. వివక్ష లేకుండా చేర్చుకోవడం, పిల్లల అవసరాన్ని బట్టి సర్దుబాట్లు చేయడం, అభ్యసన వైకల్యాన్ని వీలైనంత త్వరగా గుర్తించి తగిన బోధన అందించడం, ప్రతి దివ్యాంగ విద్యార్థి ప్రగతినీ గమనిస్తూ ఉండడం ఇందులో ఉన్నాయి. సెక్షన్ 17 పరీక్షల్లో అదనపు సమయం, లేఖకుడి (చెప్పిన జవాబును రాసిపెట్టే వ్యక్తి) సాయం, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు గురించి నేరుగా చెబుతుంది. సెక్షన్ 31 ప్రకారం 40 శాతం, అంతకుమించి వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. అది దగ్గరి బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపిక మనది. ఆ ఎంపిక బడిది కాదు.

విద్యాహక్కు చట్టంలో సెక్షన్ 13 చేర్చుకునే ముందు పిల్లలకు వడపోత పరీక్ష పెట్టకూడదంటుంది. సెక్షన్ 16 ప్రాథమిక విద్య, అంటే ఎనిమిదో తరగతి, పూర్తయ్యేదాకా బడి నుంచి తీసేయకూడదంటుంది. సెక్షన్ 17 కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధిస్తుంది. "మొద్దు" అని పదిమందిలో పిలవడం కూడా వేధింపే.

"మీ వాడికి 40 శాతం లేదు కదా, మేమేమీ చేయలేం" అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఉచిత విద్య, రిజర్వేషన్ లాంటి వాటికి 40 శాతం నిబంధన ఉంది, నిజమే. కానీ సర్దుబాట్లకు ఆ గీత వర్తించదు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చింది. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే సమస్య ఉన్న ఆ యువకుడికి 40 శాతం వైకల్యం లేకపోయినా లేఖకుడిని ఇవ్వాల్సిందేనని తీర్పు చెప్పింది. ఈ ఒక్క తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి.

జబ్బు పేరు వద్దు, తరగతి గదిలో పని చెప్పండి

ఇదే అన్నిటికన్నా ముఖ్యం, నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నదీ ఇదే. "మా అమ్మాయికి ఆటిజం" అంటే టీచరుకు భయం వేస్తుంది. "ఒక పని నుంచి ఇంకో పనికి మారేముందు అయిదు నిమిషాల ముందు మా అమ్మాయికి చెప్పండి, అప్పుడు ఏడవదు" అంటే చేయదగిన పని కనిపిస్తుంది. మీ నోటు పుస్తకం ముందు పెట్టుకుని, ప్రతి ఇబ్బందికీ ఎదురుగా ఒక పని రాయండి. అది ఎవరు, ఏ పీరియడ్‌లో, ఎంతసేపు చేయాలో తేలాలి.

మా అబ్బాయికి మేము అడిగినవి ఇవి. తరగతిలో పైకి చదవమని ఉన్నపళంగా లేపవద్దు. చదివించాలంటే ఏ పేరానో ముందురోజు చెబితే ఇంట్లో సాధన చేసి వస్తాడు. సైన్సు, సోషల్ జవాబుల్లో అక్షర దోషాలకు మార్కులు తీయవద్దు, విషయం సరిగ్గా ఉంటే చాలు. డిక్టేషన్‌లో పది పదాలకు బదులు అయిదు పదాలు, అవీ ఒకే రకం వత్తున్నవి. ఈ చివరిది మాకు స్పెషల్ ఎడ్యుకేటర్ నేర్పారు. అమ్మ, అన్న, అక్క, అవ్వ లాంటి ద్విత్వాక్షరాలు స్థిరపడ్డాకే పుస్తకం, భక్తి లాంటి సంయుక్తాక్షరాలకు వెళ్లాలట. తెలుగులో అక్షరం పక్కనే కాదు, కిందా మీదా కూడా గుర్తులుంటాయి కాబట్టి మన పిల్లలకు పడే శ్రమ ఇంగ్లిషు చదివే పిల్లల శ్రమకన్నా వేరు. ఇంగ్లిషు కోసం తయారైన సాధనలు పూర్తిగా సరిపోవు.

వినికిడి లోపమున్న పాపకైతే, టీచరు బోర్డు వైపు తిరిగి మాట్లాడకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడటం, పాప ముందు వరసలో కిటికీకి వీపు పెట్టి కూర్చోవడం. వెలుతురు టీచరు మొహం మీద పడితేనే పెదవుల కదలిక కనిపిస్తుంది. సెరిబ్రల్ పాల్సీ వల్ల కదలికలు కష్టమైన పిల్లవాడికైతే, ఆ సెక్షన్ తరగతిని కింది అంతస్తులో పెట్టడం, మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి కమ్మీ, వాడికి సరిపోయే ఎత్తున్న బల్ల. కుదురుగా కూర్చోలేని పిల్లలకు ప్రతి పీరియడ్‌లో ఒకసారి లేచే పని: నోటు పుస్తకాలు పంచడం, బోర్డు తుడవడం. వీటిలో చాలావాటికి ఖర్చు లేదు. ఆ మాట సమావేశంలో చెప్పండి.

మొదటి విడతలో నాలుగుకు మించి అడగకండి. పన్నెండు అడిగితే ఒక్కటీ జరగదు. అత్యవసరమైనవి ముందు, నెల తర్వాత మిగతావి.

ఉత్తరం రాయండి

గేటు దగ్గర, వరండాలో చెప్పిన మాటలు అక్కడితో పోతాయి. టీచరు మారితే మళ్లీ మొదటికి వస్తుంది. ఉత్తరం తెలుగులోనే రాయవచ్చు. నేను రాసిన ఉత్తరం దాదాపు ఇలా ఉంది:

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయురాలు గారికి,

విషయం: 5వ తరగతి బి సెక్షన్ చదువుతున్న మా అబ్బాయికి తరగతి గదిలో సర్దుబాట్లు కోరుతూ.

మా అబ్బాయికి డిస్లెక్సియా ఉన్నట్లు నిపుణులు నిర్ధారించారు. నివేదిక నకలు జతపరిచాను. విని అర్థం చేసుకోవడం, నోటితో జవాబు చెప్పడం బాగా వచ్చు. చదవడం, బోర్డు చూసి రాసుకోవడం చాలా నెమ్మది. దివ్యాంగుల హక్కుల చట్టం 2016, సెక్షన్ 16, 17లను దృష్టిలో ఉంచుకుని కింది సర్దుబాట్లు చేయవలసిందిగా కోరుతున్నాను.

1. హోంవర్కు బోర్డు ఫోటో రోజూ పంపడం. 2. ముందుగా చెప్పకుండా తరగతిలో పైకి చదివించకపోవడం. 3. యూనిట్ పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా ఇవ్వడం. 4. భాషేతర సబ్జెక్టుల్లో అక్షర దోషాలకు మార్కులు తగ్గించకపోవడం.

వీటి గురించి మాట్లాడటానికి తరగతి టీచరుతో కలిపి అరగంట సమయం ఇవ్వగలరు. తేదీని వచ్చే శనివారంలోగా తెలియజేయవలసిందిగా మనవి."

రెండు ప్రతులు తీసుకెళ్లండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దానిమీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే ఈమెయిల్ చేయండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు ఫైలులో పెట్టండి. గొంతు ఎంత మృదువుగా ఉన్నా పర్వాలేదు, తేదీ మాత్రం ఉండాలి.

సమావేశంలో

ఇద్దరు వెళ్లండి. ఒకరు మాట్లాడాలి, ఒకరు రాసుకోవాలి. తల్లి ఒక్కతే వెళితే "మీరు అతిగా ఆలోచిస్తున్నారమ్మా" అనడం, తండ్రో తాతగారో పక్కన కూర్చుంటే అదే మాటను నోట్లోనే ఆపుకోవడం నేను చూశాను. ఇది అన్యాయమే. అయినా బిడ్డ పని ముఖ్యం కాబట్టి తోడు తీసుకెళ్లండి. ఎవరూ లేకపోతే ఇలాంటి బిడ్డ ఉన్న మరో తల్లిని రమ్మనండి.

మొదట టీచరు చేసిన మంచిని ఒకటి చెప్పండి, అది నిజమైనదై ఉండాలి. తర్వాత నేరుగా మీ నాలుగు పనుల్లోకి వెళ్లండి. అడ్డు మాటలు దాదాపు అన్ని బడుల్లోనూ ఒకేలా వస్తాయి. మా సమావేశం ఇలా సాగింది.

"అమ్మా, ఒక్క పిల్లవాడికి ఎక్కువ సమయం ఇస్తే మిగతా తల్లిదండ్రులు ఊరుకుంటారా?"

"మార్కులు కలపమని అడగడం లేదు మేడమ్. ప్రశ్న అదే, దిద్దే పద్ధతీ అదే. ప్రశ్న చదవడానికి వాడికి పట్టే సమయం ఒక్కటే ఇవ్వమంటున్నాం."

"మా టీచర్లకు ఇప్పటికే పని ఎక్కువ."

"నిజమే మేడమ్. అందుకే లెక్క వేసుకొచ్చాను. ఫోటోకు రోజుకు ఒక నిమిషం. పైకి చదివించకపోవడానికి సమయమే అక్కర్లేదు. ఒక్క నెల చేసి చూద్దాం. ఉపయోగం లేకపోతే నెల తర్వాత మీరే చెప్పండి, మారుద్దాం."

"ఒక్క నెల" అన్న మాటకు ఆవిడ ఒప్పుకున్నారు. ఎప్పటికీ చేయాలంటే ఎవరైనా వెనకాడతారు, నెల రోజులంటే సరేనంటారు. నెల తర్వాత కలిసే తేదీ అక్కడే రాయించుకోండి.

"ఇలాంటి పిల్లలకు వేరే బడులున్నాయి కదా" అంటే తొణకకండి. "ఆ నిర్ణయం తల్లిదండ్రులదని చట్టం చెబుతోంది సార్. మీ అభిప్రాయం అదే అయితే కారణాలతో రాసి ఇవ్వండి" అనండి. షాడో టీచరును (తరగతిలో బిడ్డ వెంటే ఉండే సహాయకురాలిని) మీ ఖర్చుతో పెట్టుకుంటేనే ఉంచుతామన్నా అదే జవాబు, కాగితం మీద ఇవ్వమని. చాలాసార్లు ఆ కాగితం రాదు, ఆ షరతూ మళ్లీ వినిపించదు.

ఇంటికి రాగానే ఆ సాయంత్రమే ఒక సందేశం పంపండి: "ఈ రోజు అనుకున్నవి ఇవి. నేను ఏదైనా పొరపాటుగా రాసి ఉంటే తెలియజేయగలరు." ఎవరూ సరిదిద్దకపోతే అదే మీ రికార్డు.

ప్రణాళిక కాగితం

అమెరికాలో ఉన్న బంధువులు "ఐ.ఇ.పి. అడగండి" అని చెబుతుంటారు. అక్కడ 1975 నాటి చట్టం ప్రకారం అర్హత ఉన్న ప్రతి బిడ్డకూ ప్రభుత్వ బడి ఆ వ్యక్తిగత ప్రణాళికను రాసి తీరాలి. ఇక్కడ చట్టంలో "వ్యక్తిగతంగానో మరో విధంగానో తగిన మద్దతు" అన్న మాట ఉంది గానీ, అంత కట్టుదిట్టమైన విధానం లేదు. కాబట్టి మనమే ఒక పేజీ తయారుచేసి బడి ముందు పెట్టడం మేలు.

లక్ష్యం కొలవగలిగేదిగా ఉండాలి. "చదవడం మెరుగుపడాలి" అన్నదాన్ని ఎవరూ కొలవలేరు. "దసరా సెలవులలోగా రెండో తరగతి స్థాయి పేరా ఒకటి అయిదు తప్పులకు మించకుండా చదవాలి" అన్నదాన్ని కొలవవచ్చు. ఒక్కో లక్ష్యం పక్కన ఎవరు నేర్పుతారు, వారానికి ఎన్నిసార్లు, ఎప్పుడు చూస్తారు అని రాయండి. ఇంట్లో మీరు చేసే పని కూడా అందులో ఉంచండి. అంతా బడి మీదే వేయడం లేదని వాళ్లకు కనిపించాలి.

ప్రభుత్వ బడిలో అయితే

ప్రభుత్వ బడి పిల్లల తల్లిదండ్రులు చాలామందికి భవిత కేంద్రాల గురించి తెలియదు. బడి చదువుల కోసం ప్రభుత్వం నడిపే సమగ్ర శిక్ష పథకం కింద మండలాల్లో ఈ కేంద్రాలు నడుస్తున్నాయి. ప్రత్యేక శిక్షణ పొందిన సహిత విద్య టీచర్లు (ఐ.ఇ.ఆర్.పి.లు) అక్కడ బోధిస్తారు, నిర్ణీత రోజుల్లో ఫిజియోథెరపీ కూడా ఉంటుంది. కదలలేని పిల్లలకు ఇంటికి వచ్చి చెప్పే ఏర్పాటూ ఉంది. రవాణా భత్యం, తోడు వచ్చేవారికి ఎస్కార్టు భత్యం, దివ్యాంగ బాలికలకు నెలకు 200 రూపాయల చొప్పున స్టైపెండ్ ఉన్నాయి. ఇవి రావాలంటే బడి రికార్డుల్లో మీ బిడ్డ పేరు ప్రత్యేక అవసరాల విద్యార్థిగా నమోదై ఉండాలి. ఆ నమోదు జరిగేది యూడైస్ అనే ప్రభుత్వ బడి రికార్డుల పోర్టల్‌లో. మొదట హెచ్.ఎం.ను అడగాల్సింది అదే: "యూడైస్‌లో మా పాప పేరు ఎక్కిందా సార్?" లేకపోతే ఎక్కించమని మండల విద్యాశాఖాధికారికి ఉత్తరం ఇవ్వండి.

ప్రాథమిక తరగతుల్లో ప్రతి 10 మంది దివ్యాంగ విద్యార్థులకు, ఆపై తరగతుల్లో ప్రతి 15 మందికి ఒక స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని కేంద్రం 2022 సెప్టెంబరులో నోటిఫై చేసింది. సుప్రీంకోర్టు ఆదేశం మీదే ఇది వచ్చింది. మీ మండలంలో ఎందరు పిల్లలున్నారు, ఎందరు ఎడ్యుకేటర్లున్నారు అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు, 30 రోజుల్లో జవాబివ్వాలి. నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి ఆ జవాబు కాగితంతో జిల్లా విద్యాశాఖాధికారిని కలిస్తే ఆ మాటకు బరువుంటుంది.

పరీక్షల రాయితీలు ముందే మొదలుపెట్టండి

పదో తరగతి గురించి ఎనిమిదిలోనే ఆలోచించాలి. రాష్ట్ర బోర్డులో అదనపు సమయం, లేఖకుడు, భాష మినహాయింపు లాంటివి వైకల్యాన్ని బట్టి ఉంటాయి. పరీక్ష ఫీజు కట్టి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే విద్యార్థుల జాబితా) పంపే సమయంలోనే హెచ్.ఎం. ద్వారా ప్రతిపాదన వెళ్లాలి. హాల్ టికెట్ వచ్చాక పరుగులు పెడితే కాళ్లు అరగడమే మిగులుతుంది. సీబీఎస్ఈలో గంటకు 20 నిమిషాల చొప్పున మూడు గంటల పేపరుకు ఒక గంట అదనంగా ఇస్తారు. ధ్రువపత్రం గడువు తీరిందేమో తొమ్మిదో తరగతిలోనే చూసుకోండి.

లేఖకుడు దొరికితే చాలదు. జవాబు చెప్పి రాయించడం ఒక విద్య. మా అబ్బాయి మొదటిసారి చెప్పినప్పుడు మాటలు వరదలా వచ్చాయి, రాసే పిల్లవాడు మధ్యలో ఆగిపోయాడు. రోజూ సాయంత్రం పావుగంట వాడు చెప్పడం, నేను అక్షరం మార్చకుండా రాయడం మొదలుపెట్టాం. "కామా పెట్టు, కొత్త పేరా, ఇప్పుడు బొమ్మ" అని చెప్పడం అలవాటయ్యేసరికి నాలుగు నెలలు పట్టింది. లెక్కలు చెప్పి రాయించడం మరీ కష్టం, దానికి విడిగా సాధన కావాలి. బడిలో జరిగే త్రైమాసిక, అర్ధ సంవత్సర పరీక్షల్లో కూడా లేఖకుడిని పెట్టమని అడగండి.

రెగ్యులర్ బడి ఏ విధంగానూ కుదరకపోతే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, రాష్ట్ర సార్వత్రిక విద్యాపీఠాలు ఉన్నాయి. సబ్జెక్టులు ఎంచుకుని, విడతలుగా రాసుకోవచ్చు. దాన్ని ఓటమిగా చూడకండి. కానీ బడి తన భారం దించుకోవడానికి మిమ్మల్ని అటు తోస్తుంటే ఒప్పుకోకండి.

బడి కాదంటే

నెల గడిచింది, ఏమీ జరగలేదనుకోండి. మొదటి ఉత్తరాన్ని ప్రస్తావిస్తూ ప్రధానోపాధ్యాయులకు రెండో ఉత్తరం రాయండి. జవాబు రాకపోతే మండల విద్యాశాఖాధికారి, తర్వాత జిల్లా విద్యాశాఖాధికారి. ప్రైవేటు బడుల మీద ఫిర్యాదు కూడా జిల్లా విద్యాశాఖాధికారికి ఇవ్వవచ్చు. జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో సహిత విద్య చూసే అధికారికి ఒక నకలు పంపండి.

ఆపై మెట్టు రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. 2016 చట్టం కింద ఏర్పడిన ఈ కార్యాలయానికి సాక్షులను పిలిపించడంలో, పత్రాలు తెప్పించడంలో సివిల్ కోర్టుకున్న అధికారాలున్నాయి. కొట్టడం, అవమానించడం, బడి మాన్పించడం లాంటివైతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు రాయండి. బిడ్డకు అపాయం ఉందనిపిస్తే 1098కు ఫోను చేయండి. లాయరు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి చట్టం చెబుతోంది.

"టీసీ తీసుకోండి" అని నోటితో అంటే సంతకం పెట్టకండి. టీసీ కోసం దరఖాస్తు మీరే చేసినట్టు కాగితం రాయించుకునే ప్రయత్నం జరుగుతుంది. ఆ కాగితం మీద మీ సంతకం పడితే తర్వాత అధికారుల దగ్గర మీ మాట నిలబెట్టుకోవడం కష్టం.

ఫిర్యాదు చేస్తే బిడ్డ మీద కక్ష కడతారేమోనన్న భయం ప్రతి తల్లికీ ఉంటుంది, నాకూ ఉండేది. అందుకే ఫిర్యాదులో టీచరు మీద నిందలు వద్దు. అడిగినదేమిటి, ఎప్పుడు అడిగాం, ఏం జరగలేదు అన్న మూడు విషయాలే రాయండి. బిడ్డ రోజూ ఇంటికి వచ్చాక ఎలా ఉందో నోటు పుస్తకంలో రాయడం మాత్రం ఆపకండి.

బిడ్డ మాట, వచ్చే ఏడాది టీచరు

ఏప్రిల్‌లో, సెలవులకు ముందు, కొత్త తరగతి టీచరు కోసం ఒక పేజీ తయారుచేయండి. జూన్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే అది ఆవిడ చేతిలో ఉండాలి. బిడ్డ ఫోటో, బాగా వచ్చినవి మూడు, కష్టమైనవి మూడు, పనిచేసిన సర్దుబాట్లు, పనిచేయనివి, మీ ఫోను నంబరు. అంతకుమించి ఏమీ వద్దు, పేజీ దాటితే చదవరు.

ఆ పేజీ చివర బిడ్డతోనే ఒక వాక్యం చెప్పించి, చెప్పింది చెప్పినట్టు రాయండి. మాట రాని బిడ్డ అయితే ఇష్టమైన దాని బొమ్మ అతికించండి. ఏడో తరగతికి వెళ్లేముందు మా అబ్బాయి చెప్పిన వాక్యం ఇది: "నాకు జవాబు తెలిసినప్పుడు చెయ్యెత్తుతాను, అప్పుడు నన్ను పిలవండి మేడమ్."